పాముపిల్లను తొందరపెట్టరాదు

ఈ శీర్షికను చూచి మన పత్రిక చదువరులలో కొందరు నవ్వవచ్చును. కొందరు తల్లులు పుటను త్రిప్పివేయవచ్చును. పాము కనబడినంతనే కఱ్ఱ వెదకుట మనకు వాడుక గాని, దాని పిల్లకు ఎంత పెట్టవలెను, ఎన్ని దినముల కొకసారి పెట్టవలెను అని విచారించుట వాడుక కాదు. అయినను ముప్పది సంవత్సరములు ఈ పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించిన నేను, ఉద్యోగము విరమించిన పిమ్మట ఏడు గ్రాముల బరువుగల యొక పాముపిల్ల యొద్ద కొన్ని పాఠములు నేర్చుకొంటిని. వానిలో నొకటి నా తప్పిదము వలననే నేర్చుకొన్నది. దానిని దాచక చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదటనే యొక హెచ్చరిక. విద్యార్థు లెవ్వరును దీనిని చదివి పాముల కొఱకు పొలము గట్లు వెదకబోరాదు. మన నాగుపాము, జెర్రిపోతు మొదలగువానిని పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. అదియునుగాక, విషము గలది యేదో లేనిది యేదో తెలియక చేయి చాచువాడు ప్రాణమునే పోగొట్టుకొనును. నేను చెప్పబోవునది అమెరికా దేశపు పాము. అచ్చట పలువురు కుక్కనో పిల్లినో పెంచినట్లు దీనిని ఇండ్లలో పెంచుదురు.

దీనిని ఆ దేశమువారు ‘కార్న్ స్నేక్’ అందురు. మనము మొక్కజొన్న పాము అనవచ్చును. ఈ పేరునకు రెండు కారణములు చెప్పుదురు. మొక్కజొన్న కండెలు నిలువచేయు కొట్లలో ఎలుకల కొఱకు తిరుగుచుండుటచేత ఆ పేరు వచ్చినదని కొందరు. దాని పొట్ట మీది నలుపు తెలుపు గళ్లు పలురంగుల మొక్కజొన్న గింజల వరుసవలె నుండుటచేత వచ్చినదని మఱికొందరు. నాకు మొదటిదే సరియని తోచును. పామును వెల్లకిల త్రిప్పి పొట్ట చూచు తీరిక రైతునకు ఎక్కడిది? 1766లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి శాస్త్రనామ మిచ్చెను. అందలి ‘గుట్టాటస్’ అను మాటకు చుక్కలు గలది యని యర్థము. నేడు దీనిని ‘పాంథెరోఫిస్ గుట్టాటస్’ అని వ్యవహరించుచున్నారు. ఉత్తరమున న్యూజెర్సీ పైనుచెట్ల అడవులు మొదలుకొని దక్షిణమున ఫ్లారిడా కొన వఱకును, పడమర లూసియానా వఱకును ఇది సహజముగా నివసించును. నారింజవన్నె మేను, దానిపై నల్లని యంచుగల ఎఱ్ఱని మచ్చలు. విషము లేదు. ఎలుకను చుట్టి బిగించి చంపి మ్రింగును. మన రైతునకు జెర్రిపోతు ఎట్టిదో అచ్చటి రైతునకు ఇది అట్టిది. రెండును కొలుబ్రిడే అను నొకే పెద్ద కుటుంబములోనివి. అయితే మన జెర్రిపోతు నిలువెత్తుకు మించి పెరిగి, పట్టబోయినవాని చేయి కఱచుటకు వెనుదీయదు. ఇది సాధారణముగా మూడు మొదలు అయిదు అడుగుల వఱకు పెరిగి, చేతిలో సాధువుగా నుండును. మంచి పోషణలో ఇరువది యేండ్లకు మించియు బ్రతుకును. పదేండ్ల బాలుడు ఒక పిల్లను తెచ్చుకొన్నచో, అతడు సంసారియైన నాటికిని అది అతని యింట నుండవచ్చునన్నమాట.

2020వ సంవత్సరము మార్చి మొదటివారములో నేనును నా భార్యయు టెక్సాసు రాష్ట్రములో డల్లాసు నగరము చెంత నున్న మా కుమారుని యింటికి పోయితిమి. ఆఱు నెలలుండి తిరిగి వత్తుమనుకొంటిమి. ఇంతలో కోవిడు వ్యాధి వలన విమానములు నిలిచిపోయినవి. పదునెనిమిది నెలలు అచ్చటనే యుంటిమి. మా మనుమనికి అప్పుడు పదునొకండు సంవత్సరములు. బడి మూతపడినది. స్నేహితులు కంప్యూటరు తెరమీదనే కనబడుచుండిరి. బాలుడు దిగులుపడుట చూచి అతని తండ్రి సెప్టెంబరు మాసములో నొక దుకాణమునుండి మొక్కజొన్న పాముపిల్లను కొనితెచ్చెను. ఆగస్టులో గుడ్డు వెడలినదట. పొడవు ఇంచుమించు అడుగు, లావు వ్రాతబలపమంత. మనుమడు దానికి ‘జొన్న’ అని పేరు పెట్టెను. పేరులో సగము విడిచిపెట్టితినని నవ్వెను. నా భార్య మాత్రము ఆ గదిలో అడుగు పెట్టనని కూర్చుండెను.

జొన్న వచ్చి పది దినములైనను ఏమియు తినలేదు. ఇచ్చటనే పాముపిల్లను పెంచువారి మొదటి పరీక్ష వచ్చును. గుడ్డునుండి వెలువడునప్పుడు పిల్ల పొట్టలో పచ్చసొన కొంత మిగిలియుండును. ఆ బలముతో అది వారము పదిదినములు గడుపును. పిమ్మట మొదటి కుబుసము విడుచును. అంతవఱకు దానికి ఆకలి యుండదు, పెట్టినను ముట్టదు. కుబుసము విడిచిన తరువాత గాని భోజనపు ప్రశ్న పుట్టదు. మంచి వ్యాపారి యైనచో పిల్ల మూడు నాలుగు పర్యాయములు తనంతట తాను తినిన పిదపనే అమ్మును. మాకు అమ్మినవారు అట్లు చేసినట్లు తోచలేదు. మా కుమారుడు టెలిఫోనులో అడుగగా ఆ దుకాణములోని యువకుడు, “నోరు తెఱచి లోపలికి త్రోయుడు, అలవాటగును” అని యుత్తరము చెప్పెను.

ఆ సలహా నాకు నచ్చలేదు. వ్రాతబలపమంత మెడగల ప్రాణి నోటిలో ఆహారమును బలవంతముగా త్రోసినచో అన్నవాహిక చిరుగవచ్చును. చిరుగకున్నను, భయము చేత అది మఱింత కాలము తినకుండును. అట్టిపని అన్నియు విఫలమైన పిమ్మట, పశువైద్యుని చేతిమీదుగా జరుగవలసినది గాని, వంటింటి బల్లమీద జరుగవలసినది కాదు.

నా భార్య సలహా వేఱు. తలుపు అవతలనుండియే, “పాపము, ఆకలిగొని యున్నది కాబోలు. చిన్నగిన్నెలో పాలు పోసి పెట్టు నాయనా” అని మనుమనితో ననెను. వాడు నవ్వెను గాని నేను నవ్వలేదు; చిన్ననాడు మా తల్లితో నాగులచవితినాడు పుట్టకు పోయినవాడనే నేనును. భక్తితో చేయువారిని నిందించుట నా యుద్దేశము కాదు. అయితే ప్రకృతిశాస్త్రము చదువు విద్యార్థులు తెలిసికొనవలసిన దొకటి కలదు. పాము పిల్లలకు పాలిచ్చు జంతువు కాదు. పాలు దాని కడుపునకు సరిపడవు. పండుగనాడు పాములవాని బుట్టలోని పాము పాలు త్రాగినచో, అది దినముల తరబడి నీరు లేక దప్పిగొని యుండుటచేతనే త్రాగును. మనకు ప్రియమైనది దానికిని ప్రియమగునని తలంచి పెట్టుచున్నాము. దుకాణము యువకుడు తన తొందరను దాని నోటిలోనికి త్రోయుమనెను. నా భార్య తన జాలిని గిన్నెలో పోయుమనెను. జాలి తొందరకంటె మేలైనదే గాని, ఆ పిల్లకు కావలసినది రెండింటిలో ఏదియు గాదు.

మఱి దానికి కావలసిన దేమి? అడవిలో పుట్టిన మొక్కజొన్న పాముపిల్ల మొదటి దినములలో ఎలుకలను తినుట అరుదు. అంత చిన్న నోటికి పట్టు ఎలుకలు ఎప్పుడును దొరకవు. చిన్న తొండలవంటి ‘అనోల్’ అను పచ్చని బల్లులను, చెట్టుకప్పలను పట్టుకొనును. కావున దాని ముక్కునకు బల్లి వాసన యన్నము వాసన. ఎలుక వాసన యన కొన్ని పిల్లలకు అర్థమే కాదు. అట్టి మొండిపిల్లలకు కొందరు పెంపకందార్లు ఎలుకపిల్లను బల్లి చర్మమునకు రుద్ది పెట్టుదురు. మాకు అంతవఱకు రాలేదు. మేము చేసినది మూడే పనులు. మొదటిది, పెట్టెలో ఒక ప్రక్క 29 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియు, రెండవ ప్రక్క 23 డిగ్రీలును నిలుచునట్లు థర్మోస్టాటుతో విద్యుత్పలకను అమర్చితిమి. రెండవది, దాగుకొనుటకు ఇరుప్రక్కల చిన్న చిన్న గుల్లలు పెట్టితిమి. పైన డేగయు క్రింద పిల్లియు లేని గదిలో నైనను, దాగుచోటు లేని పాముపిల్ల తన్నెవ్వరో తిననున్నారనియే తలంచును. మూడవది, వారము దినములు దానిని చేతపట్టకుండ విడిచితిమి. ఈ మూడవపని మనుమనికి మొదటి రెంటికంటె కష్టమాయెను.

ఆహారమనగా అప్పుడే పుట్టి ఇంకను వెండ్రుకలు మొలవని చుంచెలుక పిల్ల. దాని వన్నెనుబట్టి అచ్చట ‘పింకీ’ అందురు. బరువు గ్రామున్నర మొదలు రెండు గ్రాములు. చంపి మంచుగడ్డగా చేసి అమ్ముదురు. గోరువెచ్చని నీటిలో నుంచి కరగించి పెట్టవలెను. బ్రతికియున్న పెద్ద ఎలుకను పెట్టెలో విడుచువారును కలరు. అది ఎలుకకు హింస; పాముకును అపాయము, ఏలయన ఎలుక పండ్లు పాము వీపును కొఱికి గాయపఱచిన సందర్భములు అనేకములు. ఒక రాత్రి జొన్నను గాలిరంధ్రములు గల చిన్న డబ్బాలో నుంచి, ప్రక్కనే పింకీని పెట్టి, మూతపై గుడ్డ కప్పి, దీపము లార్పి పండుకొంటిమి. తెల్లవాఱి చూడగా డబ్బాలో పాము మాత్రమే యుండెను. దాని నడుమ చిన్న యుబ్బు కనబడెను. బాలుడు ఇల్లంతయు లేచునట్లు కేకవేసెను.

ఏడు గ్రాముల పిల్లకు గ్రామున్నర యాహారమనిన అల్పమని తలంపరాదు. అది దాని బరువులో ఇంచుమించు అయిదవవంతు. అఱువది కిలోల మనుష్యుడు ఒక్క పూటలో పండ్రెండు కిలోలు భుజించినట్లు! అట్టి భోజనమును జీర్ణము చేసికొనుట పాముదేహమునకు పెద్ద పని. బర్మా కొండచిలువను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, గొప్ప భోజనమైన రెండుదినములలో దాని గుండె కండరము నూటికి 40 వంతులు పెరుగునని 2005లో ప్రకటించిరి. నెలల కొకసారి తిను కొండచిలువకును వారము వారము తిను మొక్కజొన్న పామునకును భేదము కలదు గాని, తిన్న పాము సోమరిగా పడియున్నదని మనము తలంచు సమయముననే అది మిక్కిలి కష్టపడుచున్నదనుట రెండింటికిని సమానమే. కనుక తిన్న తరువాత రెండు దినములు దానిని ముట్టరాదు. పెంపకందార్లలో వాడుకలోనున్న కొలత యిది: ఎలుక పాముదేహములో లావైన భాగమంత లావుండవలెను, మించిన అందులో సగము హెచ్చు. చిన్నపిల్లకు అయిదు మొదలు ఏడు దినముల కొకసారి. పెరుగుచున్న కొలది ఎలుక పెద్దదగును, నడుమ దినములును హెచ్చును. పెద్ద పామునకు పది పదునాలుగు దినముల కొక యెలుక చాలును.

మనుమడు ఒక పుస్తకములో తేదీ, తిన్నది, బరువు వరుసగా వ్రాయుచుండెను. కుబుసము విడిచిన దినము ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టెడివాడు. ఒకమారు కుబుసమును కొలిచి, రెండు నెలలలో మూడంగుళములు పెరిగినదని గంతులు వేసెను. కుబుసము విడుచునప్పుడు సాగును, అది పాముకంటె ఎప్పుడును పొడవే యని నేను చెప్పవలసివచ్చెను. వాని ముఖము చిన్నబోయెను. సత్యము చెప్పుట ఉపాధ్యాయుని వృత్తిలో సుఖమైన భాగము కాదు.

ఆ చలికాలమున చిక్కు వచ్చినది. మనుమని తరగతిలోని మఱియొక బాలుడును అదే దినములలో ఒక పిల్లను కొనెను. ఆ బాలుడు మూడు దినముల కొకసారి రెండేసి పింకీలు పెట్టుచుండెను. జనవరి నాటికి జొన్న 20 గ్రాములు తూగగా, దాని తోటిది 38 తూగెను. తెరమీద ఆ పామును చూపి ఆ బాలుడు గర్వపడుట, మావాడు చూచి మౌనముగా నుండుట నేను కనిపెట్టితిని. ఒకనాడు వాడు నాతో, “తాతయ్యా, జొన్న ఎప్పుడు పెట్టినా తింటున్నది. ఆకలి లేకపోతే ఎందుకు తింటుంది?” అని యడిగెను.

ఇది మంచి ప్రశ్న. వేగముగా పెంచవలెనను పెద్దల వాదమంతయు ఈ ప్రశ్నలోనే యిమిడియున్నది. దీనికి నా యుత్తర మిది. అడవిలోని పామునకు రేపు ఎలుక దొరకునను నిశ్చయము లేదు. దొరకినప్పుడు తినకున్నచో చచ్చును. కనుక దాని యాకలి కఱవును దృష్టిలో నుంచుకొని చేయబడినది. ఎదుటనున్న దానిని పట్టి మ్రింగుటకే యది యేర్పడినది. పట్టెనను మాత్రముచేత అవసరమున్నదని యెంచరాదు. అడవిపాము ఈ యత్యాశకు వెల యిచ్చును. వేటకు తిరుగును, తప్పిపోయిన యెలుకకై మఱల తిరుగును, ఉత్తరసీమలలో శీతకాలము వచ్చినచో నేలలోపల దూఱి నెలల కొలది యుపవాసముండును. పెట్టెలోని పాము ఏమి చేయును? ఏడాది పొడవున వెచ్చదనము, వారము వారము భోజనము. అడవిలో దాని తోబుట్టువులకంటె అది ఇప్పటికే వేగముగా పెరుగుచున్నది. ఆపైని మఱింత పెట్టినచో హెచ్చినది కొంతవఱకు పొడవుగా మాఱును. మిగిలినది క్రొవ్వుగా పొట్ట వెనుకభాగమున చేరును, కాలేయమునకు పట్టును. ఆడుపాము యైనచో గుడ్లు పెట్టుకాలమున ప్రాణముమీదికి వచ్చును. పొలుసులు ఎడమై నడుమ చర్మము కనబడు పాము బలిసినదని మెచ్చుకొనువారు అజ్ఞానులు.

వ్యాపారముగా పెంచువారు దీనికి బదులు చెప్పుదురు. తొందరగా పెరిగిన పాము తొందరగా గుడ్లు పెట్టును, మేత ఖర్చు తిరిగి వచ్చునందురు. లెక్క సరియే, అయితే ఆ లెక్కలో పాము ఎక్కడను లేదు. వారిలోనే మంచివారు, ఆడుపామునకు మూడేండ్లు నిండి, మూడడుగుల పొడవును మూడువందల గ్రాముల బరువును వచ్చిన గాని జతచేయరు. పస్తుంచుట మాత్రము మంచిదా యని యడుగువారికి, కాదనియే నా యుత్తరము. వెన్నెముక గట్టువలె పైకి తేలి, చర్మము ముడుతలు పడు పాముపిల్లను చూచి నిదానముగా పెరుగుచున్నదని చెప్పుకొనువాడు కఠినుడు. నేను చెప్పునది పిసినారితనము కాదు. పెట్టువాని సంతోషము కాక తినువాని దేహము కొలబద్దగా నుండవలెనని చెప్పుచున్నాను. బరువు పుస్తకమును చూచి పిల్లను చూడకుండుట తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును క్రొత్త కాదు. ఆ ప్రస్తావన ఇంతటితో విడుతును.

ఇంత తెలిసియు నేనేమి చేసితిని? ఫిబ్రవరి 14వ తేది, ఆదివారము, మనుమడు రెండు పింకీలు పెట్టుదునని బ్రతిమాలెను. వాని దీనముఖము చూచి, “ఈ యొక్కమాఱే” అంటిని. తాతలు ఎట్లుందురో చదువరులకు చెప్పనక్కఱలేదు. జొన్న రెండింటిని మ్రింగెను. దాని నడుమ రెండు ముడులు వేసిన త్రాడువలె నుండెను.

ఆ రాత్రి యే టెక్సాసు రాష్ట్రమున తీవ్రమైన హిమపాతము, చలిగాలియు వచ్చినవి. సోమవారము తెల్లవాఱకమునుపే విద్యుచ్ఛక్తి పోయెను. నలుబది లక్షలకు మించిన యిండ్లు చీకటిలో పడినవి. 16వ తేది ఉదయమున డల్లాసులో శీతోష్ణము సున్నకు దిగువ 19 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగెను. మా యింటిలో రెండు పగళ్లు, రెండు రాత్రులు దీపము లేదు, పొయ్యి లేదు. ఉన్న దుప్పట్లన్నియు కప్పుకొని అందఱము ఒక్క గదిలో కూర్చుంటిమి. పాముపెట్టెలో వేడిమి తొమ్మిది డిగ్రీలకు దిగెను.

పాము తనంతట తాను వేడిని పుట్టించుకొనలేని ప్రాణి. అరుగుదలకు కావలసిన వేడిమి బయటినుండియే రావలెను. చల్లబడిన పాముకడుపులో ఎలుక అరుగదు, క్రుళ్లును. మనుమడు దానిని మెత్తని గుడ్డసంచిలో పెట్టి, చొక్కాలోపల రొమ్మునకు ఆనించుకొని కూర్చుండెను. అంతవఱకు ఆ గది గడప త్రొక్కని నా భార్య తన శాలువను మడతపెట్టి వాని రొమ్ముచుట్టు కప్పి, “కదలకురా” అని మాత్రమే యనెను. మంగళవారము సాయంకాలము జొన్న రెండు పింకీలను కక్కివేసెను. ఒక్కటి యైయుండినచో అరిగియుండెడిదో లేదో చెప్పజాలను. రెండింటికి అనుమతి యిచ్చినవాడను నేను.

అంతటితో నా తప్పిదము ముగిసినదనుకొనరాదు. విద్యుచ్ఛక్తి వచ్చినది, పెట్టె వెచ్చబడినది. జొన్న కదలుచుండెను, నాలుక చాచుచుండెను. కక్కినది గదా, కడుపు ఖాళీగా నున్నది, నీరసించును అని నేనే తలంచి, ఆదివారమున మరల ఒక పింకీ పెట్టించితిని. అది ఆత్రముతో తినెను. మంగళవారము మఱల కక్కెను. ఈమాఱు కక్కినది నీళ్లవలె నుండెను. తూచి చూడగా 21 గ్రాములది 16 అయ్యెను. బాలుడు పుస్తకములో ఆ అంకె వ్రాసి నా వంక చూడక లోపలికి పోయెను.

మా కుమారుడు ఒక పశువైద్యురాలితో టెలిఫోనులో మాటాడెను. ఆమె మొదట అడిగినది కక్కిన యెన్నవనాడు పెట్టితిరి అని. అయిదవనాడు అని చెప్పగా కొంతసేపు మౌనముగా నుండి, పిమ్మట విషయమును విశదముగా చెప్పెను. కక్కినప్పుడు జీర్ణరసములు పోవును. వెలుపలికి వచ్చు ఆమ్లము అన్నవాహికను ఒరపిడిచేయును. అవి కుదుటపడుటకు రెండు వారములు పట్టును. ఆ లోపల పెట్టినది నిలువదు. ప్రతి కక్కుడును వెనుకటిదానికంటె అపాయకరము. పాముపిల్లలు చచ్చుట తఱచుగా తిండి లేక కాదు, కక్కిన తరువాత జాలిపడి పెట్టుటచేతనే యని యామె యనెను. మంచినీరు, వెచ్చని పెట్టె, ఒంటరితనము, ఇవి మాత్రమే మందు.

పదునాలుగు దినములు! పదునాఱు గ్రాముల పిల్ల, దినదినము సన్నబడుచు, గాజుపలక దగ్గరకు వచ్చి నాలుక చాచుచుండగా, చేతిలో ఆహార ముండియు పెట్టకుండుట యెంత కష్టమో చెప్పజాలను. నా భార్య యొకనాడు, “మనవాళ్లకు జ్వరము వచ్చినపుడు లంఘనము పెట్టమా?” అని మనుమని నోదార్చెను. ఆ మాట విని నేను సిగ్గుపడితిని; ప్రకృతిశాస్త్రము చదివినవాడ నేను, చదివిన దంతయు ఆ ఆదివారమున మఱచితిని. మనుమడు గోడమీది క్యాలెండరులో రోజున కొక గీత గీయుచు వచ్చెను. పదునయిదవనాడు పింకీని కోసి సగము మాత్రము పెట్టితిమి. రెండు దినములు ఎవ్వరమును ఆ గదిలో బిగ్గరగా మాటాడలేదు. అది నిలిచెను. వారము తరువాత మఱియొక సగము. ఆ పిమ్మట పూర్తి పింకీ. ఏప్రిలు నడుమకు గాని పాత 21 గ్రాములు రాలేదు. రెండు నెలలు పోయినవి. అవి పోయినందువలన జొన్నకు కలిగిన లోటేమో నాకు నేటికిని కనబడలేదు. పుస్తకములోని గీత మాత్రము నడుమ పల్లమైనది.

పాముపిల్లను పెంచువారికి చెప్పవలసిన చిల్లరవిషయములు ఇంకను కలవు. కన్నులు పాలనీలపు పొర కప్పినపుడు కుబుసము రానున్నదని తెలిసికొని ఆహారము పెట్టకుండుట మేలు. పామును ముట్టిన ప్రతిసారియు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను, దాని మేనిమీద మనకు విరేచనములు కలిగించు సూక్ష్మజీవు లుండవచ్చును. మూతకు గొళ్లెము గట్టిగా నుండవలెను. తప్పించుకొనుటలో ఈ జాతి మిక్కిలి నేర్పరి. తన దేశము కాని కరీబియను దీవులలో కొన్నిటియందు ఇది నేడు అడవిలో స్థిరపడియున్నదన్నచో, ఎవ్వరి మూతలో ఎక్కడనో సందు కలదన్నమాట. పెంచలేమని తెలిసినచో పొలములో విడుచుట దయ కాదు.

2021 సెప్టెంబరులో మేము స్వదేశమునకు బయలుదేఱునాటికి జొన్న 64 గ్రాములు తూగెను. తోటిబాలుని పాము అప్పటికి రెట్టింపునకు మించియుండెను. అది ఏమైనదని నేనడుగలేదు. మనుమడును పోల్చుట మానెను. ఆదివారము ఉదయమున వాడు టెలిఫోను చేయునపుడు జొన్న మాట తప్పక వచ్చును. కడపట చేసినప్పుడు, అది నాలుగడుగులు పెరిగినదనియు, పదునాలుగు దినముల కొక యెలుక తినుచున్నదనియు, ఈ నెలలో కుబుసమునకు ముందు రెండుమాఱులు పెట్టినను ముట్టలేదనియు చెప్పెను. నేను కంగారుపడి ఎన్ని దినములైనదని యడుగగా, “ఇరవై మూడు, తాతయ్యా. దానికి తెలుసులే” అనెను. ఆ పిమ్మట గొంతు తగ్గించి, “పాలు మాత్రము పెట్టలేదని నాన్నమ్మతో చెప్పు” అని నవ్వెను.